ఎర్రదొన సానమ్మ తల్లి ఒక్కవేటు మహిమ

రక్తాక్షి నామ సంవత్సరం, వైశాఖ మాసం. ఎర్రదొన గుట్ట మీద బండలు ముట్టుకుంటే చేయి బొబ్బలెక్కే ఎండలు. ఆ ఎండలో, నడి మధ్యాహ్నం, ఊరంతా చుట్టూ నిలబడి కేకలు వేస్తుండగా జరిగిన ఒక పని వల్లనే ఈ క్షేత్రం వెలిసింది. దొంగచాటుగా జరిగిందని కొందరు చెబుతారు. అది తప్పు. పట్టపగలే జరిగింది.

ఈనాడు భక్తులు బస్సు దిగి కానుగ చెట్ల నీడన నాలుగడుగులు నడిస్తే నాలుగు రాతి స్తంభాల మంటపం కనబడుతుంది. అందులో ముక్కూ ముఖమూ ఉన్న విగ్రహం ఉండదు. వెతకవద్దు. పీటంత వెడల్పున్న ఒక నల్లని సానరాయి ఉంటుంది. లెక్కలేనన్ని కత్తులు నూరగా నూరగా దాని నడుము పడవలాగా గుంట పడింది. ఆ గుంటలో ఎప్పుడూ నీళ్ళు ఉంటాయి. అంచుకు పసుపు, నడుమ కుంకుమ. ఆమే సానమ్మ తల్లి. జాతర మూడు రోజులూ ఆమె ముందు కత్తుల వరుస ఎంత పొడవుంటుందో వచ్చి చూడవలసిందే! సంతలో మాంసం కొట్టేవారు వస్తారు, పెళ్ళి వంటలవారు వస్తారు, దూరపు పట్నాలలో కోళ్ళ అంగళ్ళు నడిపేవారు సంచుల్లో కత్తులు చుట్టుకొని వస్తారు. మంగలివారు కూడా వస్తున్నారు. వారిని ఎవరు పిలిచారో తెలియదు. వచ్చారు, సంతోషం.

పూర్వం ఇక్కడ మంటపం లేదు, రాయీ లేదు. ఊరి నడుమ ఎర్రదొన పెద్దమ్మ గుడి మాత్రమే ఉండేది. మూడేళ్ళకొకసారి కాదు, ఏటేటా వైశాఖంలో పెద్దమ్మకు జాతర జరిగేది. జాతరకు ఒక దున్నపోతును బలి ఇచ్చేవారు. ఆ దున్నకు కొట్టం లేదు, యజమాని లేడు. దూడగా ఉన్నప్పుడే అమ్మ పేర వదిలిపెడితే ఊరంతా దాన్ని సాకేది. ఏ గడప ముందు నిలబడినా ఆ ఇంటి ఆడవారు కుడితి పెట్టాలి.

బలి వేసే హక్కు ఒకే ఇంటిది. ఆ ఇంటిపేరే వేటువారు. మారెన్న ఆ ఇంటిలో పెద్దవాడు. అప్పటికి నలభై ఏళ్ళు దాటినవాడు, బలమైన భుజాలవాడు, మాట తక్కువవాడు. అమ్మ బలికత్తిని ఆ ఇంటి మగవారు తప్ప మరొకరు తాకరాదు. తాకితే కళ్ళు పోతాయని అందరి నమ్మకం. జాతరకు ఒకరోజు ముందు కత్తిని గుడిలోనుంచి తెచ్చి, పసుపు నీళ్ళతో కడిగి, వేపాకు కట్టడం కూడా మారెన్న పనే.

ఆ కత్తికి ఇంకొక కట్టడి ఉండేది. దాన్ని ఎన్నడూ రాతికి తాకించరాదు. అది అమ్మ నాలుక అనీ, నాలుకను రాతికి రుద్దేవాడు అమ్మ ముఖం చూడటానికి తగడనీ పెద్దల మాట. అందుచేత తాతల నాటి నుంచి ఆ కత్తికి పదును పెట్టినవాడు లేడు. అది కత్తి అనే పేరు మాత్రమే మోస్తున్న ఇనుప బద్ద అయిపోయింది. దానితో ఒక్క వేటుకు తెగేది కాదు. రెండుకు తెగేది కాదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది పడేవి.

ఇక్కడే ఎర్రదొనవారు ఒక లెక్క కట్టుకున్నారు. ఎన్ని వేట్లు పడితే ఆ ఏడు అన్ని వానలు కురుస్తాయని! ఆసాదివారు, అంటే అమ్మ పాటలు పాడి రంగం నడిపేవారు, డప్పు కొడుతూ వేట్లు లెక్కపెట్టేవారు. జనం ఒకటీ, రెండూ, మూడూ అని గొంతు కలిపేవారు. సంఖ్య పెరిగేకొద్దీ కేరింతలు పెరిగేవి. పక్క ఊరివారు కలిస్తే "మాకు తొమ్మిది పడినాయి, మీకెన్నప్పా?" అని మీసం తిప్పేవారు. దున్న అరుపు ఆ డప్పులలో ఎవరికీ వినబడేది కాదు. మారెన్నకు వినబడేది. ఆయన దాని పక్కనే కదా నిలబడేది.

రక్తాక్షికి ముందటి ఏడాది, రుధిరోద్గారి సంవత్సరపు జాతరలో పదకొండు వేట్లు పడ్డాయి. ఏడే వేట్లని కొందరంటారు. కాదు, పదకొండే. ఎనిమిదో వేటుకు దున్న పలుపు తెంచుకుంది. మెడ సగం వేలాడుతుండగా జనాన్ని చీల్చుకొని మారెన్న భార్య సుంకమ్మ దగ్గరకు వెళ్ళి నిలబడింది. మూడేళ్ళుగా దానికి ఎక్కువ కుడితి పెట్టింది ఆమే. అది ఆమె చేతిలోకి మూతి చాపింది. దాన్ని మళ్ళీ లాక్కొచ్చి మిగిలిన మూడు వేట్లు వేశారు. జనం పదకొండూ, పదకొండూ అని ఎగిరి గంతులు వేశారు. సుంకమ్మ ఇంటికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఆమె వండింది, వడ్డించింది, భర్తతో మాట్లాడలేదు.

ఆ ఏడు కురిసింది రెండే వానలు.

మళ్ళీ చైత్రం వచ్చింది. ఒకనాటి మధ్యాహ్నం మారెన్న చేను గట్టున బండి కింద నీడలో నిద్రపోయాడు. అప్పుడు కల వచ్చింది. పెద్దమ్మ ఎర్రచీరలో, నెత్తిన కుండతో, కుడితి పోసే మనిషిలాగా వచ్చి ఆయన ఎదుట కూర్చుంది. మెడ చుట్టూ గుడ్డ కట్టుకొని ఉంది. ఆ గుడ్డ తడిసి ఉంది.

"మారెన్నా, నేనేమడిగితిరా మీ ఇంటోళ్ళను?"

"ప్రాణం అడిగితివి తల్లీ."

"ప్రాణమే గదా అడిగింది? మరి ఈ నొప్పి ఎవురు పెట్టమన్యారు? నాకు పెట్టే కూట్లో మీరు కలిపిన నొప్పి ఇన్నేండ్లుగా నా గొంతులో దిగక నిలబడిపోయింది. పదును పెట్టే రాయి సంతలో ఉండాది. పోయి తెచ్చుకో."

మారెన్న ఉలిక్కిపడి లేచాడు. లేచినవాడు ఇంటికి పోలేదు. తిన్నగా నాలుగు మైళ్ళు నడిచి సంతకు పోయాడు.

సంతలో మాంసం కొట్టే ఖాసిం సాబు చిన్ననాటి నుంచి తెలిసినవాడే. వయసులో పెద్ద, మారెన్న ఆయనను మామా అని పిలిచేవాడు. ఖాసిం సాబు అంగడి వెనుక దడి చాటున ఒక నల్లని సానరాయి ఉండేది. ఆయన తాత ఏటి నుంచి బండి మీద తెచ్చినదని చెబుతారు. మారెన్న వెళ్ళేసరికి సాబు దాని ముందు కూర్చొని కత్తి నూరుతున్నాడు. మేకలు దడికి అవతల ఉన్నాయి.

"ఇట్ల చాటుకు కూర్చొని నూరుతాండావేం మామా? ఎవురైనా ఎత్తుకపోతారని భయమా?" అని అడిగాడు మారెన్న.

"ఎత్తుకపోయేదానికి ఇదేమన్నా బంగారమా? మేక కండ్ల ముందర కత్తి నూరగూడదురా. మా పెద్దలు చెప్పినారు. ఒకదాన్ని ఇంకోదాని ఎదుట కోయగూడదు. ముందు నీళ్ళు తాపాల. కత్తి ఎట్లుండాలంటే..." సాబు ఒక గొర్రె బొచ్చు పోచను గాలిలో పట్టుకొని కత్తిని దానికి ఆనించాడు. నొక్కలేదు. పోచ రెండయింది. "ఇట్ల. అది సచ్చిపోయినట్టు దానికే తెలీగూడదు."

మారెన్న తెగిన పోచను అరచేతిలోకి తీసుకున్నాడు.

"మీ అమ్మకు పదకొండు పడినాయంట గదా," అన్నాడు సాబు. "నా అంగట్లో ఒకదానికి రెండు పడితే ఆ పొద్దు నేను అన్నం తినను. నువ్వు ఎట్ల తిన్యావురా?"

ఇంకొకరైతే ఆ మాటకు కొట్లాటకు దిగేవారు. మారెన్న రాయి ముందు కూలబడి, "ఈ రాయి నాకియ్యి మామా," అన్నాడు. కల సంగతంతా చెప్పాడు. ఖాసిం సాబు చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. చివరకు, "మీ అమ్మ అడిగితే నేను కాదనేదానికి ఎంతటోణ్ణి? బండి కట్టు," అన్నాడు.

ఇక జాతర ముందటి రోజు. మారెన్న గుడి నుంచి బలికత్తి తెచ్చాడు. ఇంటికి తీసుకుపోలేదు. ఊరి పొలిమేరలో, ఇప్పుడు మంటపం ఉన్న ఈ చోటనే, బండి మీది నుంచి రాయి దింపించాడు. నీళ్ళు చల్లాడు. అమ్మకు మూడుసార్లు దండం పెట్టాడు. కత్తిని రాతికి తాకించాడు!

ఆ గీర శబ్దం ఊళ్ళోకి వినబడిందంటారు. క్షణాలలో ఊరు ఊరంతా పరుగెత్తుకొని వచ్చింది. అన్నం ముందు కూర్చున్నవారు ఎంగిలి చేతులతోనే వచ్చారు. ఊరి పెద్ద బసిరెడ్డి తలగుడ్డ చేతిలో పట్టుకొని, రొప్పుతూ వచ్చాడు.

"ఒరేయ్ మారెన్నా! ఏం చేస్తాండావురా?"

"కత్తి నూరుతాండా రెడ్డీ."

"అది అమ్మ కత్తిరా!"

"అమ్మదే. కాబట్టే నూరుతాండా."

ఆసాది హనుమప్ప గుండెలు బాదుకున్నాడు. "అమ్మ నాలుకను రాతికి రుద్దుతాండాడే! సూస్తా నిలబడినారేం, గుంజుకోండి!"

"నాలుకైతే ఇంత తుప్పు ఎట్ల పట్టింది హనుమప్పా?" అన్నాడు మారెన్న, తల ఎత్తకుండా.

గుంజుకోండి, గుంజుకోండి అని వంద గొంతులు అరిచాయి. ఒక్కరూ ముందుకు అడుగు వేయలేదు. ఎలా వేస్తారు? వేటువారి ఇంటి మగవారు తప్ప ఆ కత్తిని ముట్టుకుంటే కళ్ళు పోతాయి కదా! నీ చెయ్యి పొడుగు, నువ్వు లాక్కో అంటే, నీకు ముసలి కండ్లే గదా, పోతే ఏం, నువ్వే లాక్కో అని ఒకరినొకరు తోసుకున్నారు. వారు తోసుకుంటుండగా మారెన్న నూరుతూనే ఉన్నాడు. ఒక పక్క తుప్పు రాలిపోయి ఇనుము తెల్లగా తేలింది. రెండో పక్కకు తిప్పాడు.

నాగులమ్మ అనే ముసలామె కర్ర ఊతంతో ముందుకు వచ్చింది. "ఏమిరా, పదును పెడితే ఒక్క వేటుకే తెగుతాది. ఒక్క వేటుకు ఒక్క వాన. మేమేం తినాల? గడ్డి తినాల్నా?" అంది. అందరి భయమూ అదే. ఆమె బయటికి అనేసరికి అరుపులు ఆగిపోయాయి.

మారెన్న అప్పుడు తల ఎత్తాడు. "పోయినేడు పదకొండు ఏసినా గదా పిన్నీ. ఎన్ని పడినాయి?"

"రెండు."

"తక్కిన తొమ్మిదీ ఎవురు మింగినారు?"

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆసాది హనుమప్ప వెనక్కు తిరిగి ఎవడురా అది అని గద్దించాడు. మరో పక్కనుంచి ఇంకొకరు నవ్వారు.

బసిరెడ్డి మంచి చెడు తెలియని మనిషి కాదు. ఊరంతా తన ముఖమే చూస్తున్నది. ఆయన తలగుడ్డ చుట్టుకొని తీర్పు చెప్పాడు. "హక్కు నీది, కత్తి నీ చేతిలో ఉండాది, రేపు నువ్వే ఎయ్యి. ఒక్క ఏటుకు తెగకపోతే పెండ్లాం బిడ్డలతో ఊరిడిచి పోవాల. తెగితే, వానలు సూసి మాట్లాడుకుందాం. కానీ ఒకటి ఇను. అమ్మ కత్తిని రాతికి తాకించినోడు అమ్మ ముఖం సూడగూడదని పెద్దల మాట. రేపు ఏటు వరకే. ఆపైన నువ్వీ పొలిమేర దాటి గుడి కాడికి రాగూడదు."

"సరే రెడ్డీ," అని మారెన్న గొర్రె బొచ్చు పోచ ఒకటి తీసి కత్తికి ఆనించాడు. పోచ రెండయింది.

మర్నాడు ఎప్పుడూ రానంత జనం వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకొని వచ్చారు. చింతకొమ్మల మీద మనుషులు, గోడల మీద మనుషులు. మారెన్న ఊరు విడిచి పోతాడని పందేలు. డప్పులు మోగుతున్నాయి. మారెన్న గుడి ముందుకు వచ్చాడు. కత్తి గోచి వెనుక, కనబడకుండా. డప్పులు ఆపమని చెయ్యెత్తాడు. ఆగాయి. అటువంటి నిశ్శబ్దం ఆ గుడి ముందు అంతకు ముందెన్నడూ లేదు.

ఏడాదిగా ఆయనతో మాట్లాడని సుంకమ్మ అప్పుడు జనంలోనుంచి వచ్చింది. చంకలో కుడితి తొట్టి. భుజాన తన పెళ్ళినాటి ఎర్రచీర. చీరను రెండు గుంజలకు తెరలాగా కట్టింది. మొక్కుల కోసం కట్టిపెట్టిన మిగతా ఏటలకూ, అంటే మేకపోతులకూ, పొట్టేళ్ళకూ ఇక్కడ జరిగేది కనబడకుండా. ఆ తరువాత దున్న ముందు తొట్టి పెట్టి, దాని గంగడోలు నిమిరింది.

"ఏమయ్యో," అంది భర్తతో. ఏడాది తరువాత మొదటి మాట. "దాన్ని తాగనీ. తొందరపడొద్దు."

దున్న మూతి తొట్టిలో పెట్టింది. ఒక గుటక, రెండు గుటకలు. తోక ఆడిస్తూ తాగుతోంది. మారెన్న తెర పక్కనుంచి వచ్చాడు. ఆయన భుజం లేవడం చూసినవారున్నారు. దిగడం చూసినవారు లేరు!

ఒక్క వేటు.

నోటిలోని గుటక ఇంకా దిగలేదు. అరుపు లేదు, గింజులాట లేదు. తెర అవతల ఏటలు ఆకులు నములుతూనే ఉన్నాయి. జనం కొంతసేపు ఏం జరిగిందో అర్థం కాక నిలబడిపోయారు. వారికి లెక్కపెట్టడానికి ఒకటి దాటి ఏమీ లేకపోయింది. అప్పుడు నాగులమ్మ కర్ర కింద పారేసి, రెండు చేతులూ ఎత్తి, "అమ్మా! పెద్దమ్మా!" అని కేక వేసింది. ఆ కేకతో గుట్ట దద్దరిల్లింది! చెట్ల మీది వారు దూకారు, డప్పులు వాటంతటవే మోగినట్టు మోగాయి. పందెం ఓడినవారు కూడా ఎగిరారు.

మారెన్న కత్తి కడిగి అమ్మ పాదాల దగ్గర పెట్టాడు. అమ్మ ముఖం వైపు చాలాసేపు చూశాడు. వెనక్కు తిరగకుండా, అమ్మనే చూస్తూ, వెనక్కి అడుగులు వేసుకుంటూ పొలిమేర దాటి ఈ రాతి దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

జ్యేష్ఠంలో మొదటి వాన పడింది. అందరూ ఒకటి అన్నారు. రెండో వాన పడ్డప్పుడు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఏడో వాన తరువాత లెక్కపెట్టడానికి ఎవరికీ తీరిక లేదు. అందరూ చేలలో ఉన్నారు.

మరుసటి ఏడు జాతరకు ముందు బసిరెడ్డి స్వయంగా ఇక్కడికి వచ్చాడు. "మారెన్నా, కత్తికి పదును ఉండనీలే. ఊరు ఒప్పుకున్యాది. నువ్వు ఒక్క మాట చెప్పు. అమ్మ ఎదుట నిలబడి, రాతికి తాకించింది తప్పయిందను. ఒక టెంకాయ కొట్టు. కట్టడి తీసేస్తాం. నువ్వు లేకుండా జాతర నాకే బాగలేదప్పా."

సుంకమ్మ కూడా అక్కడే ఉంది. ఆమె రాతి మీద నీళ్ళు చల్లుతూ ఉంది.

"తప్పయిందని నేనంటే రెడ్డీ," అన్నాడు మారెన్న, "రేపు నేను సచ్చిపోతూనే ఆ కత్తికి మళ్ళా తుప్పు పడతాది. మారెన్నే తప్పని ఒప్పుకున్యాడు గదా అంటారు. నేను అనను."

"పిచ్చోడా, ఉత్త మాట గదరా!"

"ఉత్త మాటతోనే గదా ఇన్నేండ్లు ఎనిమిదీ తొమ్మిదీ ఏసింది."

బసిరెడ్డి తరువాత కూడా చాలాసార్లు వచ్చాడు. ప్రతిసారీ అదే జవాబు.

వేటు హక్కు మారెన్న తమ్ముడి ఇంటికి పోయింది. ఏటా తమ్ముడు కత్తి తెచ్చి ఈ రాతి మీద పెట్టేవాడు, మారెన్న పదును పెట్టి ఇచ్చేవాడు. అంతటితో ఆయన ఊరుకోలేదు. ఖాసిం సాబు బండి మీద ఈతవంక, బూదిదమెట్ట, నల్లగుట్లపల్లె, ఇంకా ఎన్నో ఊళ్ళ జాతరలకు పోయాడు. సానరాయి ముక్కను, నీళ్ళ తొట్టిని, ఒక ఎర్ర గుడ్డను వెంట తీసుకుపోయేవాడు. ఒక ఊరిలో రాళ్ళు వేశారు. ఒక ఊరిలో బలే మానేయమని ప్రచారం చేసే పెద్దమనుషులు ఎదురై, నువ్వు హత్యకు నునుపు పెడుతున్నావని తిట్టారు. "మీరు మాన్పించండి సామీ, నాకు సంతోషమే. మాన్పించేదాకా అది అరవకుండా నేను సూస్తా," అన్నాడు. వినని ఊరికి మరుసటి ఏడు మళ్ళీ పోయేవాడు. ఒక్కవేటోడు వచ్చినాడురో అని వేళాకోళం చేసిన ఊళ్ళే తరువాత ఆయన కోసం జాతరకు ముందు బండ్లు పంపాయి. సంత అంగళ్ళవారు కూడా దడి కట్టుకున్నారు, తొట్లు పెట్టుకున్నారు.

మారెన్న పోయాక ఆ రాతికి పసుపు పెట్టింది సుంకమ్మ. మంటపం తరువాత కట్టారు.

ఈనాటికీ ఆ ఆచారం తప్పలేదు. చట్టం వచ్చాక ఇక్కడ దున్న బలి ఆగిపోయింది. గుడి ముందు రక్తం చిందదు. మొక్కు ఉన్నవారు ఏటనో పొట్టేలునో ఇళ్ళ దగ్గరే కోసుకుంటారు. అయినా కోసే కత్తి ముందుగా సానమ్మ తల్లి గుంటలో తడిసి, ఆమె ఒంటి మీద నూరబడి, గొర్రె బొచ్చు పోచను తెగ్గొట్టాలి. జీవానికి నీళ్ళు తాపాలి. తాగకపోతే తాగేదాకా ఆగాలి. ఎంత పొద్దు పోయినా ఆగాలి. ఇంకొక జీవం చూడకుండా తెర కట్టాలి. రెండో వేటు పడితే ఆ ఇంటివారు ఆ మాంసం తినరాదు, పంచిపెట్టి ఉపవాసం ఉండాలి. రాతికి మొదటి పసుపు వేటువారి ఆడబిడ్డలు పెడతారు. గుంటలో మొదటి చెంబు నీళ్ళు ఖాసిం సాబు వంశస్థులు పోస్తారు. మొక్కు లేనివారూ, మాంసం ముట్టనివారూ కూడా వచ్చి ఆ నీళ్ళు కళ్ళకు అద్దుకొని పోతారు. గొంతు నొప్పులు, మింగలేని బాధలు ఆ నీళ్ళతో తగ్గాయని చెప్పేవారు ఎందరో ఉన్నారు. కత్తి పట్టే చేతికి వణుకు రాదనీ, కాన్పు కష్టమైన ఆవులూ గేదెలూ సుఖంగా ఈనుతాయనీ భక్తుల నమ్మకం.

మారెన్న దుర్ముఖి నామ సంవత్సరం వరకు, ఆ వేటు తరువాత ముప్పై రెండేళ్ళు బతికాడు. పెద్దమ్మ గుడి ఇక్కడికి అర మైలు. ఆ ముప్పై రెండేళ్ళలో ఆయన అమ్మ ముఖం మళ్ళీ చూడలేదు.